నాన్న గ్యాంగు

మొన్న సాయంత్రం, నేను చాలాకాలం పనిచేసి వదిలిన పత్రిక డెస్కు నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. కొత్తగా చేరినవాడు. ఎప్పుడైనా మాట దగ్గర అనుమానం వస్తే నన్ను అడగమని ఎవరో చెప్పారట.

"మేడమ్, హార్బరులో ప్రమాదం వార్త వచ్చింది. మా రిపోర్టరు 'గ్యాంగులో ఒకరికి తీవ్ర గాయాలు' అని రాసి పంపాడు. గ్యాంగు అంటే దొంగలనుకోరూ? ముఠా అని మార్చనా?"

"ముఠా అన్నా అదే చిక్కు కదా బాబూ. బస్తాలు మోసేవాళ్ళదీ ముఠాయే, ఇళ్ళు దోచేవాళ్ళదీ ముఠాయే. గ్యాంగు అనే ఉంచు. ఈ ఊళ్ళో వాళ్ళని ఎప్పుడూ అలాగే అన్నారు. ఊరివాళ్ళకి తెలుస్తుంది."

"ఊరివాళ్ళు ఎంతమంది ఉన్నారు మేడమ్ ఇప్పుడు?" అన్నాడు. వెటకారమేమీ లేదు. నిజంగానే అడిగాడు. నీ ఇష్టం అని ఫోన్ పెట్టేశాను.

ఉద్యోగంలో ఉన్న రోజుల్లో నేనూ ఒకసారి ఈ మాట దగ్గర ఆగిపోయాను. గొలుసులు తెంపేవాళ్ళు పట్టుబడిన వార్తకి "గ్యాంగు ఆటకట్టు" అని శీర్షిక రాసి, చెయ్యి ముందుకు సాగక, ఆఫీసు బీరువాలో ఉన్న లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు తెరిచాను. దొంగలు ఆ మాటలోకి చాలా ఆలస్యంగా వచ్చారని అందులో ఉంది. మొదట్లో ఆ మాటకి అర్థం నడక. వెళ్ళడం, ప్రయాణం, దారి. తర్వాత ఒక పనికి కలిపి వాడే పనిముట్ల జత. ఆ తర్వాత కలిసి పనికి వెళ్ళే మనుషులు, ఓడ మీది కళాసులు. సంకెళ్ళతో రోడ్లు వేసే ఖైదీలూ, దొంగలూ వాళ్ళ వెనకాల వచ్చినవాళ్ళే. ఓడెక్కే మెట్లని గ్యాంగ్‌వే అనడంలో ఆ పాత దారి ఇంకా మిగిలి ఉంది. పట్టాల వెంట సుత్తి భుజాన వేసుకుని నడిచే రైల్వే గ్యాంగ్‌మన్ దగ్గర ఆ పాత నడకా మిగిలే ఉంది. బడిలో మేం నలుగురం ఒక బెంచీ మీద చేరితే "గ్యాంగు తయారయ్యింది" అని టీచరు కసురుకునేది. ఇప్పుడు మా మనవరాలు స్నేహితురాళ్ళతో ఫొటో దిగి, దాని కింద అదే మాట మురిపెంగా రాసుకుంటోంది.

నేను ఆ మాట మొదట విన్నది మాత్రం ఇంట్లో. నాన్న నోట.

మేం పాత ఊళ్ళో, హార్బరుకి దగ్గరగా, వరసగా గదులున్న పెంకుటింట్లో ఒక వాటాలో ఉండేవాళ్ళం. నాన్న ఓడల్లో బస్తాలు ఎత్తే గ్యాంగులో మనిషి. ఆయన ఇంటికి రాగానే ఏ ఓడ వచ్చిందో వాసనతో చెప్పేసేవాళ్ళం తమ్ముడూ నేనూ. గోధుమ ఓడైతే చొక్కాలోంచి తవుడు వాసన. ఎరువుల ఓడైతే ముక్కు మండేది. గంధకం ఓడైతే దూరం నుంచే తెలిసిపోయేది, స్నానం నీళ్ళు పసుపు పచ్చగా కాలవలోకి పారేవి. ఆ నీళ్ళలో కాగితం పడవలు వదిలి అమ్మ చేత దెబ్బలు తినేవాళ్ళం.

పక్క వాటాలో ఉండే మావయ్య నాన్నకి జోడీ. బస్తాకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. ఆయన గోదావరి వైపు నుంచి పనికోసం వచ్చినవాడు, మేం గోదారి మావయ్య అనేవాళ్ళం. ఎవరితోనైనా "అండీ" అనకుండా మాట పూర్తిచేయలేడు. "బస్తాని కూడా లేవండి అంతాడు బావా ఈడు" అని గ్యాంగులో ఏడిపించేవారట. "లేస్తుందండి మరి, మీరంటే లేవదండి" అనేవాడట ఆయన.

గ్యాంగు పెద్ద, మేస్త్రీ. నెరిసిన జుట్టు, పొడుగాటి చేతులు. ఆదివారం తెల్లచొక్కా వేసుకుని చర్చికి వెళ్ళేవాడు. మధ్యాహ్నం హార్బరు గేటు బయట, నిద్రగన్నేరు చెట్టు కింద అందరూ చేరాక ఆయన కళ్ళు మూసుకుని రెండు ముక్కలు ప్రార్థన చేస్తే, నుదుట సింహాద్రి అప్పన్న నామం పెట్టుకున్నవాళ్ళు కూడా తలలు వంచేవారు. తర్వాత అందరి కేరేజీల్లోని అన్నం ఒకే పెద్ద బేసినులో కుమ్మరించేవారు. కూరలు కూడా అంతే. ఎవరింటి ఎండు నెత్తళ్ళ వేపుడో, ఎవరింటి ఆవపెట్టిన అరటికాయో, ఎవరింటి బెల్లం పులుసో తేడా ఉండకూడదు. ఇల్లు జరగని రోజున ఉత్త అన్నం తెచ్చినవాడు కూడా అందరితో పాటు తినాలి. అది గ్యాంగు పద్ధతి.

ఆ పద్ధతిలోనే ఇంకొకటి ఉండేది. మనిషి జబ్బు పడినా, దెబ్బ తగిలి పడుకున్నా, అతని ఇంటి నుంచి కేరేజీ రావడం మానకూడదు. కేరేజీ వచ్చినన్నాళ్ళూ అతని చోటు అతనిదే. ఆ రోజుకి అతని బదులు వచ్చిన రిజర్వు మనిషి ఆ అన్నం తింటాడు.

ఒక వేసవి మొదట్లో ఓడ అడుగున, సరుకు ఎత్తే తాళ్ళ వల జారి బస్తాలు నాన్న మీద పడ్డాయి. తుంటి విరిగింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన మంచం గోడవారగా పడింది. మర్నాడు పొద్దున్నే అమ్మ ఎప్పటిలాగే పొయ్యి వెలిగించి, అన్నం వార్చి, కేరేజీ కట్టింది.

"నాన్న ఇంట్లోనే ఉన్నాడు గదా. ఎవులికమ్మా అది?" అన్నాను.

"మీ నాన్న సోటుకి" అంది అమ్మ. కేరేజీ గోదారి మావయ్య చేతికిచ్చి, ఆయన సందు మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడింది.

ఇంట్లో మేం గంజిలో ఉల్లిపాయ నంజుకునే రోజుల్లో కూడా కేరేజీలో కూర ఉండేది. మూత పెట్టబోయే ముందు తమ్ముడు ఒక నెత్తళ్ళ ముక్క లాగితే నేను తోక అందుకునేదాన్ని. "ఓలమ్మ, దొంగ గుంటల్లారా! పరాయోడు తినీ కూడు ముట్టుకుంతారేటి!" అని అమ్మ గరిటె ఎత్తేది. మంచం మీంచి నాన్న నవ్వేవాడు. నవ్వితే తుంటి నొప్పి. సగంలో ఆపేసేవాడు.

కానీ చోటు కాపాడడం కేరేజీ ఒక్కదానితో అయ్యే పని కాదు. ఆ రిజర్వు మనుషులు పొద్దున్నే గేటు దగ్గర నిలబడి, ఎవరి గ్యాంగులో ఎవరు రాలేదో అని చూస్తుంటారు. ఒకే మనిషి వరసగా వచ్చాడంటే హార్బరు ఆఫీసువాళ్ళు అతన్నే ఖాయం చేసేస్తారు. అందుకని మేస్త్రీ ఏ మనిషినీ మర్నాడు మళ్ళీ పిలిచేవాడు కాదు. పని వచ్చినవాడు, రానివాడు, ఎవరైనా సరే. గోదారి మావయ్యకి రోజుకొక కొత్త జోడీ. ఇంటికొచ్చి మంచం పక్కన కూర్చుని చెప్పుకునేవాడు.

"ఇవాళొకడొచ్చాడండి. బస్తా ఎత్తమంటే పెళ్ళికూతురి చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకున్నాడండి."

"మరి నిన్నటోడు?" అనేవాడు నాన్న.

"నిన్నటోడు నయమండి. బస్తా నాకొదిలేసి ఊరకే పక్కన నడిచాడండి."

కేరేజీ సాయంత్రం తిరిగి వచ్చేది. ఎక్కువ రోజులు మెతుకులు ఎండిపోయి అలాగే వచ్చేది. కానీ ఒక రోజు అమ్మ మూత తీసి ఆగిపోయింది. గిన్నెలు బూడిదతో తోమి ఉన్నాయి. పై గిన్నెలో ఒక సంపెంగ పువ్వు.

ఇరుగుపొరుగు గిన్నె ఇస్తే ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు. మా సందులో చిన్నపిల్లలకి కూడా తెలిసిన మర్యాద అది. కానీ ఓడల దగ్గర, ఎవరో తెలియని ఇంటి అన్నం తిన్న కూలిమనిషి ఆ మర్యాద పాటిస్తాడని అమ్మ అనుకోలేదు. పువ్వు వాసన చూసింది. "సింహాద్రి కొండకింద మనిషే. ఈ పువ్వు మరెక్కడిది?" అంది. దేవుడి పటానికి పెట్టబోయి, ఏమనుకుందో, తీసుకెళ్ళి నాన్న తలగడ పక్కన పెట్టింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకోసారి కేరేజీ అలా వచ్చేది. ఒకసారి రెండు పనస తొనలు. ఒకసారి ఆకులో చుట్టిన నేరేడు పళ్ళు. ఏదీ దొరకనినాడు ఒక చింతకాయ. పళ్ళు వచ్చిన రోజు గోదారి మావయ్య చేతిలోంచి కేరేజీ నేనే లాక్కుని, సందు మలుపు దగ్గరే సగం తినేసి, నాలుక నల్లగా వేసుకుని ఇంటికి వెళ్ళేదాన్ని. నేనూ తమ్ముడూ అతనికి సంపెంగ మావయ్య అని పేరు పెట్టుకున్నాం. అతని మొహం మాకు తెలియదు. పొద్దున్నే అడిగేవాళ్ళం, "ఇవాళ సంపెంగ మావయ్య వత్తాడా?" అని. అలా అడిగినప్పుడల్లా నాన్న గోడవైపు తిరిగిపోయేవాడు. అది తన చోటు గురించిన ప్రశ్న అని మాకు తెలియదు.

వేసవి ముగిసి బడులు తెరిచేసరికి నాన్న కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. ముందు గుమ్మందాకా, తర్వాత కుళాయి దాకా. అమ్మ సింహాచలం మెట్లెక్కుతానని మొక్కుకుంది. ఎలమంచిలిలో ఉన్న మా అమ్మమ్మ రైల్లో ఎవరి చేతో బియ్యం బస్తా పంపింది. దాన్ని గది మూల పెట్టారు.

ఒక మధ్యాహ్నం బడి నుంచి అన్నానికి వచ్చాను. అమ్మ కుళాయి దగ్గరికి వెళ్ళింది. నాన్న ఆ బస్తా ముందు నిలబడి ఉన్నాడు. చేతిలో ఆయన కొక్కెం, ఓడలో బస్తాకి గుచ్చి లేపేది. కర్ర గోడకి ఆనించి ఉంది. వంగి, కొక్కెం గుచ్చి, ఒక్కసారి పైకి లాగాడు. బస్తా మోకాలిదాకా వచ్చింది. తర్వాత కాలు ఆయన మాట వినలేదు. బస్తాతో పాటు నేలమీద కూలబడ్డాడు. చాలాసేపు అలాగే దానికి ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూశాడు.

"నీళ్ళు ఒట్రా అమ్మీ" అన్నాడు. అంతే. అమ్మకి చెప్పకు అనలేదు. నేనూ చెప్పలేదు.

అమ్మ వచ్చి చూసింది. బస్తాకి చిరుగు, కింద బియ్యం గింజలు. గింజలు ఏరి గిన్నెలో పోసి, దబ్బనం తెచ్చి ఆ చిరుగు కుట్టింది. మర్నాడు కేరేజీలో కూర ఎక్కువ పెట్టింది.

ఆ ఆదివారం మేస్త్రీ చర్చి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చాడు, వెనకే గోదారి మావయ్య. అమ్మ టీ ఇచ్చింది. మేస్త్రీ గ్లాసు ఎడమ చేత్తో అందుకున్నాడు.

"భుజానికేటయింది?" అన్నాడు నాన్న.

"వయసయింది."

"వయసు కాదండి, బస్తాలండి" అన్నాడు గోదారి మావయ్య. "పని రాని మనిషొచ్చిన రోజున ఈయనే నాకు జోడీ కడుతున్నారండి. చెప్పొద్దన్నారు. చెప్పేశానండి, ఇక ఏం చేస్తారో చెయ్యండి."

"నీ నోటికి గడి లేదురా గోదారోడా" అన్నాడు మేస్త్రీ. తర్వాత నాన్నతో, "ఆఫీసోళ్ళు ఎవుల్నో ఒకల్ని ఖాయం సెయ్యమంతన్నారు. నువ్వదేటీ మనసులో పెట్టుకోకు. నీ కాలు బాగయ్యేదాకా నాను సూసుకుంతాను. గ్యాంగంతా ఒకటే మాట మీదున్నాం."

నాన్న చేతిలో కర్రని మంచానికి ఆనించాడు. "కేరేజీ తోమి పంపుతున్నోడు ఎవుడు?" అన్నాడు.

"ఆడా? కొండకింద కుర్రోడు. తెల్లారే నడిసొచ్చీసి గేటుకాడ నిలబడతాడు. మంచి పనోడు."

"మరి రోజూ పిలవరేటి?"

"మంచోడు గాబట్టే పిలవను. నాలుగు రోజులు వొరసగా వచ్చినాడంటే గ్యాంగు ఆడికి అలవాటైపోద్ది. మరి నీ సోటు?"

"ఆడికిచ్చీయండి."

అమ్మ లోపల్నుంచి గుమ్మంలోకి వచ్చింది. "ఏటి ఇచ్చీడం? ఇన్నాళ్ళు నాను కేరేజీ కట్టింది ఆడికోసమేటి? పిల్లల నోటికాడిది తీసి కట్టినాను. నీకోసం కట్టినాను!"

నాన్న ఆమెవైపు చూడలేదు. మూలనున్న బస్తా వైపు చూశాడు. "ఆ కుట్టు నువ్వే గదా ఏసినావు" అన్నాడు.

అమ్మ చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గోదారి మావయ్య లేచి బయటికి వెళ్ళి సందులో నిలబడ్డాడు. మేస్త్రీ టీ గ్లాసు కింద పెట్టాడు, అందులో సగం అలాగే ఉంది. చివరికి అమ్మే మాట్లాడింది.

"అలాగైతే రేపు కేరేజీ నువ్వే ఒట్టుకెల్లు. ఒకల సేత పంపను."

మర్నాడు నన్ను బడి మానిపించి నాన్నతో పంపారు. ఆయన ఒక చెయ్యి కర్ర మీద, ఒక చెయ్యి నా భుజం మీద. కేరేజీ నా చేతిలో. రోడ్డు మీద ఎర్రటి ఖనిజం దుమ్ము, లారీలు. నిద్రగన్నేరు చెట్టు కిందకి చేరేసరికి గ్యాంగంతా లేచి నిలబడింది. వాళ్ళ వెనక సన్నటి కుర్రాడొకడు, కాళ్ళు మోకాళ్ళ దాకా దుమ్ము. నేను అనుకున్న సంపెంగ మావయ్య పెద్దవాడు, మీసాలవాడు. ఇతనికి మీసాలు కూడా సరిగా లేవు.

నాన్నని చూడగానే అతను తలపాగా తీసేశాడు. "అన్నా, మీ సోటే. నానెల్లిపోతాను."

"ఎక్కడికెల్తావు? కూకో" అన్నాడు నాన్న.

నాన్న కింద కూర్చోలేడు. ఎవరో తిరగేసిన పెట్టె తెచ్చి వేశారు. ఆయనే కేరేజీ విప్పి, మా అన్నం బేసినులో పోశాడు. తర్వాత సంచీలోంచి కొక్కెం తీసి ఆ కుర్రాడి ముందు పెట్టాడు. పిడి నాన్న వేళ్ళ అచ్చులు పడి నున్నగా మెరుస్తోంది.

"రేపట్నుంచి మీ ఇంటికాణ్ణుంచి కేరేజీ తే."

"మా ఇంట్లో రోజూ కూరుండదన్నా" అన్నాడు కుర్రాడు, తల దించుకునే.

"దానికేంటండి, మా ఇంట్లో ఉంటుందండి" అన్నాడు గోదారి మావయ్య. ఎవరో నవ్వారు. మేస్త్రీ కళ్ళు మూసుకున్నాడు. ఆ రోజు ప్రార్థన కొంచెం పొడుగైంది. మొదటి ముద్ద నాన్న కలిపి ఆ కుర్రాడి చేతిలో పెట్టాడు. అతను దాన్ని నోట్లో పెట్టుకుని, రెండో చేత్తో కొక్కెం ఒళ్ళోకి తీసుకున్నాడు.

వచ్చేముందు మేస్త్రీ బేసినులో మిగిలిన అన్నం మా కేరేజీ నిండా పెట్టి ఇచ్చాడు. సాయంత్రం అమ్మ దాన్ని మా అందరికీ వడ్డించింది. ఎన్ని ఇళ్ళ అన్నమో, ఎన్ని ఇళ్ళ పులుసో. ఒక్కో ముద్ద ఒక్కో రుచి. నాన్న మాత్రం వట్టి మజ్జిగ తాగి పడుకున్నాడు. మర్నాడు పొద్దున్న అమ్మ అలవాటుగా అందరికంటే ముందు లేచి, పొయ్యి దగ్గర కూర్చుని, ఏం చేయాలో తెలియక చాలాసేపు అలాగే ఉండిపోయింది.

తర్వాత నాన్న ఒక గోడౌనులో చిరిగిన గోతాలు కుట్టే పనికి కుదిరాడు. కూర్చుని చేసే పని. ఏళ్ళు గడిచాయి. ఓడల్లోంచి సరుకు బెల్టుల మీద కదలడం, పెద్ద ఇనప పెట్టెల్లో దిగడం వచ్చింది. గ్యాంగులు విడిపోయాయి. వాళ్ళ పిల్లలు స్టీలు ప్లాంటుకో ఆటోనగర్ షెడ్లకో వెళ్ళారు. నిద్రగన్నేరు చెట్టు ఉన్నచోట గోడ లేచింది. మేస్త్రీ, గోదారి మావయ్య ఒకరి తర్వాత ఒకరు కన్నుమూశారు.

నాన్న పోయిన రోజున మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. మధ్యాహ్నానికి గుమ్మంలో కేరేజీలు చేరడం మొదలైంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చాయి. కొన్ని స్టీలువి, కొన్ని ప్లాస్టిక్ డబ్బాలు. తెచ్చినవాళ్ళలో సగంమంది పాత గ్యాంగు మనుషులు, మిగతావాళ్ళు వాళ్ళ కొడుకులు. ఎవరో ఇంట్లోంచి పెద్ద బేసిను అడిగి తీసుకుని, ఎవరూ చెప్పకుండానే అన్నీ అందులో కుమ్మరించారు. అంతకు ముందు నాన్నని శ్మశానానికి మోసుకెళ్ళిందీ వాళ్ళే. ముందు వైపు ఎడమ భుజం ఇచ్చినతను జుట్టు నెరిసిన పెద్దమనిషి. గ్యాంగు విడిపోయే ముందు దానికి మేస్త్రీ ఆయనే. అడుగులు కలుపుతూ, మిగతావాళ్ళకి వినబడీ వినబడనట్టు "నిదానం, నిదానం" అంటూ నడిచాడట.

సాయంత్రం కేరేజీలు తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. అమ్మ అన్నీ తానే తోమింది, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తోమి, వరసగా పెట్టి, వాటి ముందు కూర్చుండిపోయింది. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదు. మైలపడిన ఇంటి నుంచి ఏదీ పెట్టి పంపకూడదు.

"ఏటీ ఎట్టలేకపోతన్నాను బాబూ, ఏటనుకోకు" అంది ఆ పెద్దమనిషితో.

ఆయన తన కేరేజీ అందుకుని, మూత తీసి లోపల చూసి, మళ్ళీ పెట్టాడు. "ఆ యాల మీరు కట్టిన కూడు ఇంకా కడుపులోనే ఉంది వదినా" అన్నాడు.

నిన్న పొద్దున్న పత్రిక తెరిచాను. కుర్రాడు చివరికి రెండు మాటలూ పక్కన పెట్టేశాడు. "హార్బరులో ప్రమాదం: కార్మికుడికి గాయాలు" అని ఉంది. తప్పు పట్టడానికేమీ లేదు, శీర్షిక శుభ్రంగా ఉంది. కింద నాలుగు వాక్యాల వార్త. ఎలా జరిగిందో ఉంది, ఆసుపత్రికి తరలించారని ఉంది. రెండుసార్లు చదివాను. అతని బదులు పనిలోకి ఎవరు దిగారో, ఆ దిగినవాడికి మధ్యాహ్నం అన్నం ఎవరింటి నుంచి వచ్చిందో అందులో లేదు.